కొండమీది తల్లి
(సవర స్త్రీల పురుడు, బిడ్డల పెంపకము)

మా శ్రీముఖలింగక్షేత్రమున వెలసిన మధుకేశ్వరుని కథను మీలో ననేకులు వినియే యుందురు. పూర్వము వంశధారాతీరమున సవరనాయకు డొకడు తన యిద్దరు భార్యలతో నివసించుచుండెనట. వారి వాకిట నొక యిప్పచెట్టు కలదు. సవతు లిద్దరును చెరియొక కొమ్మక్రింద పువ్వు లేరుకొనుచుండగా, ఒకతె కొమ్మనుండి రాలినవి బంగారుపువ్వు లయ్యెనట. అందుపై కలహము ముదిరెను. నాయకుడు కోపించి చెట్టును నరుకబూనగా నా మ్రానునుండి శివుడు ముఖము చూపెనట. ఇప్పకు సంస్కృతమున మధుకమని పేరు. కావుననే స్వామి మధుకేశ్వరుడు, ఊరు ముఖలింగము నయినవని మా పెద్దలు చెప్పుదురు. గర్భాలయమున లింగము వెనుక నొక పెద్ద మట్టిగోలెము కలదు. సంతానము లేని కుమ్మరి యొకడు స్వామికి మ్రొక్కి, బిడ్డను బడసి, దానిని సమర్పించెనని మరియొక కథ.

స్వామి సవరస్త్రీల వాకిట వెలసెననియు, బిడ్డ లేనివారికి బిడ్డ నిచ్చెననియు మనము భక్తితో చెప్పుకొనుచున్నాము. కాని యా సవరస్త్రీ తన బిడ్డ నెట్లు కనునో, ఎట్లు పెంచునో, ఆమెకు గల భయము లెవ్వియో మనలో నెందరెరుగుదుము? పసుపును, చింతపండును, అనాసపండ్లను, కొండచీపుళ్లను తట్టలో పెట్టుకొని యామె సంతకు దిగివచ్చినప్పుడు బేరమాడి కొనుటయే గాని, చంకనున్న బిడ్డ నెత్తుకొని “ఎన్నవ నెల?” యని యడిగినవారు తక్కువ. ఈ వ్యాసమున నా సంగతులనే చెప్పదలచితిని.

సవరలు నిన్న మొన్నటివారు కారు. ఐతరేయబ్రాహ్మణమున ఆంధ్రులతోను, పుండ్రులతోను, పుళిందులతోను గూడ శబరుల పేరు వినబడుచున్నది. శ్రీరామునకు పండ్లొసగిన శబరిని మన మందరము తల్లిగా తలంతుము. వారి భాష తెలుగువలె ద్రావిడభాష కాదు. సంతాలీ, ముండారీ భాషలతో జేరిన ముండా కుటుంబములోనిది. తల్లిని వారు “యాఙ్” అందురు. సీతంపేట, భామిని, మెళియాపుట్టి, మందస ప్రాంతముల కొండలలోను, సరిహద్దు కావల ఒడిశారాష్ట్రమందును వారి పల్లెలున్నవి. 2022వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. మా యూరు శ్రీకాకుళము జిల్లాలోనే నిలిచినది. జిల్లాలు వేరైనను కొండ యొకటే, వంశధార యొకటే.

సవరభాషను శ్రద్ధతో నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన మహనీయుడు మా పొరుగువాడే. గిడుగు వేంకటరామమూర్తిపంతులుగారు 1863వ సంవత్సరమున మా యూరికి దాపుననున్న పర్వతాలపేటలో జన్మించిరి. వారి సవరవ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. వ్యావహారికభాషకై జీవితమంతయు పోరాడిన యా పెద్దల పొరుగున నుండి నేనిట్లు గ్రాంథికమున వ్రాయుట చూచిన వారు నవ్వియుందురేమో! వారి పిదప వెరియర్ ఎల్విన్‌గారు సవరల మతమును గూర్చి 1955లో నొక పెద్దగ్రంథమును ప్రకటించిరి. పియర్స్ విటెబ్‌స్కీ యను ఆంగ్లేయపండితుడు ఒడిశాకొండలలోని సవరలతో నివసించి, వారు మృతులతో జరుపు సంభాషణలను గూర్చి 1993లో వ్రాసెను. వీరి గ్రంథములవలనను, కొండనుండి వచ్చు స్త్రీల మాటలవలనను నాకు తెలిసిన కొలది మీ ముందుంచుచున్నాను.

మనలో కోడలు నెల తప్పెనన్నచో బరువులెత్తవద్దందుము, తొలికాన్పునకు పుట్టింటికి పంపుదుము. కొండమీది చూలాలికి పోడుపని తప్పదు. కలుపు తీయుటయు, కట్టెలు మోయుటయు, ఊటనుండి నీరు తెచ్చుటయు నెలలు నిండువరకు సాగవలసినవే. చోడియంబలి, సామలు, కొఱ్ఱలు, అడవికూరలు, దుంపలు వారి యాహారము. ఇందు చోళ్లు చాల మంచివి. సున్నపుధాతువు వానిలో సమృద్ధిగా నుండుటచే చూలాండ్రకును బాలెంతలకును మేలు చేయును. మన యిండ్లలో చోళ్లను పేదవారి తిండియని త్రోసివేసి, తిరిగి వైద్యులు చెప్పగా డబ్బాలలో కొనుచున్నాము. అయినను గింజ తరుగు నెలలలో నా చోళ్లుకూడ వారికి చాలవు. మామిడిటెంకల యంబలితో పొట్ట నింపుకొను దినములును కలవు.

నొప్పులు వచ్చినప్పుడు చూలాలిచుట్టు చేరువారు ఆమె తల్లియో, అత్తయో, పిల్లలను కన్న పెద్దముత్తైదువలో. ఇది కొండల యాచారమే యనుకొనవలదు. బిడ్డలను పలుమారు కనినవారును, స్నేహము గలవారును, ధైర్యము చెప్పగలవారును నగు స్త్రీలే ప్రసవించు నామెను పరివేష్టించి యుండవలెనని చరకసంహిత శారీరస్థానమున చెప్పబడినది. ప్రపంచారోగ్యసంస్థ 2018లో ప్రసవకాలమునుగూర్చి ప్రకటించిన సూచనలలోను, చూలాలు కోరిన తోడు ఆమె ప్రక్కన నుండవలెననియు, ఆమెకు సుఖమైన రీతిని కూర్చుండియో నిలిచియో ప్రసవించు స్వేచ్ఛ యుండవలెననియు గలదు. చరకుని కాలపు మాట, నేటి వైద్యుల మాట, కొండపల్లె ముసలమ్మ మాట ఒకచోట కలిసినవి.

బిడ్డకు పేరు పెట్టుటలో సవరల తలంపు మిక్కిలి గంభీరమైనది. వారిలో మరణించినవారు దూరమైపోరు. వారి యాత్మలు “సోనుమ్” లగును. చాటలో బియ్యము పోసి దీపము వెలిగించి, ఒడలు మరచి, ఆ సోనుములను పిలుచు నామెకు కుడాన్‌బోయి యని పేరు. మృతులు ఆమె నోట మాటాడుదురని వారి విశ్వాసము. పురుషులును ఈ పని చేయుదురుగాని, మృతుల కర్మలలో స్త్రీలకే గొప్ప ప్రసిద్ధి. మరణించిన తాతయో అవ్వయో తన పేరును వంశములోని పసిబిడ్డ కిచ్చును. ఆ పేరు నిచ్చిన పెద్ద ఆ బిడ్డను కనిపెట్టి యుండును. మనమును తాతపేరు మనుమనికి పెట్టుదుము గదా! భావ మొకటే. ఆదివారమున బుట్టిన వానికి ఆదియని, సోమవారమున బుట్టినవానికి సోమయని వారముపేరులు పెట్టు వాడుకయు కొండలలో కలదు.

ఇంకొక విశేషము మన చదువరులను ఆశ్చర్యపరచును. వివాహముతో మన గోత్రము మారును, ఇంటిపేరు మారును. సవరలలో గోత్రములు లేవు. ఒక పూర్వుని సంతతివారందరు నొక “బిరిందా” యగుదురు. పెండ్లియైనను స్త్రీ తన పుట్టింటి బిరిందాను విడువదు. ఆమె మరణించినచో ఆమె కర్మలు చేయు హక్కు పుట్టింటివారికిని కలదని ఎల్విన్‌గారు వ్రాసిరి. కూతురు పరులసొత్తు అని మనవలె వారనుకొనరు.

వారి గోడబొమ్మలను మీరు చూచియుందురు. ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండితో మనుష్యులు, నెమళ్లు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. నేడవి పట్టణములలో పటములుగా అమ్ముడుపోవుచున్నవి. కాని యవి యలంకారమునకై పుట్టినవి కావు. మృతులను సంతోషపెట్టుటకు, రోగములు రాకుండుటకు, పంటయు సంతానమును వృద్ధియగుటకు వ్రాయబడు మ్రొక్కుబడులవి. ఎల్విన్‌గారు వ్రాసిన మరొక సంగతి చదివినప్పుడు నాకు కన్నులు చెమర్చినవి. కొందరు కుడాన్‌బోయిలకు పాతాళమున నొక సోనుము భర్తగా నుండుననియు, అతనివలన వారికి పాతాళమున పిల్లలు పుట్టుదురనియు, రాత్రివేళ నా పిల్లలు వచ్చి పాలు త్రాగుదురనియు వారు చెప్పుకొందురట. ఇది మూఢవిశ్వాస మని త్రోసివేయువారు త్రోసివేయుదురు గాక. బిడ్డలను పోగొట్టుకొన్న స్త్రీలెందరో యున్న సంఘమున, కంటికి కనబడని బిడ్డకుగూడ పాలిచ్చు తల్లి నూహించినవారి హృదయ మెట్టిదో మనము గ్రహింపవచ్చును.

ఇక పెంపకము. తల్లి బిడ్డను గుడ్డతో ఒడలికి కట్టుకొనియే పొలమునకు పోవును, సంతకు దిగును. బిడ్డ యేడ్చినప్పుడు పాలిచ్చును, గడియారము చూడదు. దీనిలోని మేలును వైద్యలోకము చాల ఆలస్యముగా తెలిసికొన్నది. 1978వ సంవత్సరమున దక్షిణమమెరికాలోని బొగోటా నగరమున, బరువు తక్కువైన శిశువులకు వెచ్చదనమిచ్చు యంత్రములు చాలక, వైద్యులు బిడ్డలను తల్లి యెదకు చర్మము చర్మమునకు తగులునట్లు కట్టించిరి. బిడ్డలు బ్రతికిరి. నేడు దానిని “కంగారూ తల్లిసంరక్షణ” మని లోకమంతటను నేర్పుచున్నారు. కొండతల్లి గుడ్డమూట నవ్వదగినది కాదు.

మంచిని చెప్పి కీడును దాచుట మిత్రధర్మము కాదు. ఇంటిపురుడులో కొడవలితోనో, కత్తితోనో, వెదురుబద్దతోనో బొడ్డు కోయుటచేతను, దానిపై బూడిద మొదలగునవి పూయుటచేతను ధనుర్వాతము సోకి ఎందరో శిశువులు పూర్వము మరణించిరి. ఇది కొండలందే కాదు, మన పల్లములోను జరిగినది. చూలాండ్రకు సూది వేయుటవలనను, శుభ్రమైన కాన్పులవలనను తల్లులకు, నవజాతశిశువులకు వచ్చు నీ ధనుర్వాతము నిర్మూలనస్థాయికి వచ్చినదని 2015లో భారతదేశమునుగూర్చి ప్రకటింపబడినది. సూది మానినచో నది తిరిగి రాకపోదు. రెండవది పొగాకు, చుట్టయైనను నమలునదియైనను కడుపులోని బిడ్డ బరువును తగ్గించును. మూడవది రక్తహీనత. దీనికి చాలని తిండియు, నులిపురుగులు, చలిజ్వరమును కారణములు. ఇవిగాక గిరిజనులలో సికిల్‌సెల్ అను నెత్తుటిజబ్బు వంశపారంపర్యముగా వచ్చుచున్నది. తలిదండ్రు లిద్దరి నెత్తుటను ఆ బీజ మున్నచో, కాన్పు కాన్పునకును బిడ్డకు జబ్బు వచ్చుటకు నాలుగింట నొక పాలు అవకాశము కలదు. దీనిని కనిపెట్టి నివారించుటకై 2023లో దేశమంతటికిని ఒక ప్రత్యేకప్రయత్న మారంభింపబడినది.

ఇవన్నియు చెప్పి “అజ్ఞానులు” అని తీర్మానించుటకు మనకు హక్కు కలదా? బిడ్డ పుట్టిన మూడవ లేక నాలుగవదినమునగాని తల్లికి పాలు దిగవని సుశ్రుతసంహితలో నున్నది. అంతవరకు తేనెయు నెయ్యియు నాకింపుమని చెప్పబడినది. ఆ మాట పట్టుకొని మన తాతమ్మలు ముఱ్ఱుపాలను పిండి పారబోసిరి. పుట్టిన గంటలోపలనే తల్లిపాలు పట్టవలెననియు, ఆరునెలలు మరేమియు పెట్టరాదనియు, ముఱ్ఱుపాలు బిడ్డకు తొలి రక్ష యనియు నేటి వైద్యశాస్త్రము నిర్ధారించినది. బాలెంతను గాలి వెలుతురు లేని గదిలో నుంచి, త్రాగుటకు చాలినంత నీరైన నీయక “పథ్య” మన్న యిండ్లు మనవి కావా? శాస్త్రములు చదివినవారమే యట్లు చేసితిమి. మన మా తప్పులను దిద్దుకొనగలిగినది మన యూరికి వైద్యురాలు వచ్చినందునను, మన భాషలో మనకు చెప్పినందునను గదా!

కావున కొండమీది తల్లి ప్రాణము తీయునది ఆమె యాచార మొక్కటియే కాదు. దూరము, ఆలస్యము ముఖ్యమైనవి. కాన్పు తరువాత మాయ పడక రక్తము కాలువకట్టినచో రెండు గంటలలో ప్రాణము పోవచ్చును. బాట లేని కొండకొననుండి, కఱ్ఱకు కట్టిన దుప్పటిలో చూలాలిని పరుండబెట్టి, ఇద్దరు మోయుచు, వాగులు దాటించి, బండి యందు బాటకు చేర్చుటకే యా రెండుగంటలు చాలవు. దీనినే డోలీమోత యందురు. ఇది పూర్వకథ కాదు. మన కాలపు వార్తాపత్రికలలోను చదువుచునే యున్నాము. 2018–20 సంవత్సరముల ప్రభుత్వలెక్కలలో లక్ష సజీవజననములకు దేశములో 97 మంది తల్లులును, ఆంధ్రప్రదేశములో 45 మందియు మరణించిరి. మన రాష్ట్రపు లెక్క మేలైనదే. కాని రాష్ట్రపు సగటులో కొండయు పల్లమును కలిసిపోవును; బాట లేని పల్లె యందు కనబడదు.

ఈ దూరమును దాటుటకు కొన్ని మంచి యుపాయములు జరిగినవి. 2005లో నారంభమైన గ్రామీణారోగ్యప్రణాళికవలన ఆ పల్లెకు చెందిన స్త్రీయే ఆశాకార్యకర్తగా నియమింపబడుచున్నది. 2018లో మన్యములో ఇరుకుదారులలో పోగల మోటారుసైకిలు అంబులెన్సులు వచ్చినవి. ఆ సంవత్సరముననే సాలూరులో గిరిశిఖరగ్రామముల గర్భిణులకై వసతిగృహ మేర్పడినది. నొప్పులు వచ్చినపిదప పరుగెత్తుట గాక, నెలలు నిండకముందే కొండదిగి వచ్చి, అందు తిండియు పరీక్షలును పొందుచు నుండి, కాన్పునాటికి ఆసుపత్రికి చేరుటయే దీని పద్ధతి. తొలికాన్పునకు పుట్టింటికి పంపు మన యాచారము వంటిదే యిది.

ఇన్ని యున్నను కొందరు తల్లులు దిగిరారు. ఎందుకని? మా వాకిటికి కొండచీపుళ్లు తెచ్చు నొక పడుచును చంకబిడ్డతో చూచి, “ఏమమ్మా, పురుడు ఇంటనేనా, ఆసుపత్రిలోనా?” యని యడిగితిని. ఆమె పల్లమువారితో మాటాడి మాటాడి మా తెలుగు నేర్చినది.

“ఆస్పత్రికే ఎల్లేనమ్మా. ఆలు మంచోలే. మందిచ్చినారు, మంచమిచ్చినారు. మరి నొప్పులొచ్చినప్పుడు నాకు తెలుగు నోట రాలేదు, మా మాటే వచ్చింది. ఆలకది తెల్దు. మా యమ్మని గుమ్మం బయటే ఉంచీసినారు. ఒక్కర్తినీ ఉండిపోనాను. అదే బయమేసింది.”

“మరల బిడ్డ కలిగిన పోవుదువా?” అని యడిగితిని.

“మా యమ్మని లోపలికి రానిత్తే ఎల్తాను,” అని చీపుళ్లు సర్దుకొన్నది.

సోదరీమణులారా, ఈ మాటను కొంచెము నిదానముగా ఆలోచింపుడు. సంతలో బేరమాడుటకు నేర్చిన భాష నొప్పులలో నోట రాదు. అప్పుడు వచ్చునది తల్లి పలికిన భాషయే. “ఇక్కడ నొచ్చుచున్నది, రక్తము పోవుచున్నది, కన్నులు తిరుగుచున్నవి” యను మూడు మాటలు ఎదుటివారికి తెలియకపోయినచో వైద్యమునకే హాని కలుగును. ఇది వట్టి మర్యాదకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించినది. గిడుగువారి నిఘంటువు పండితులకొరకే గాక పురిటిగదికొరకును పుట్టినదని నేననుకొందును.

దీనికి దారి లేకపోలేదు. దక్షిణమమెరికాలోని పెరూదేశమున కొండలలో నివసించు ఆదివాసిస్త్రీలు ఆసుపత్రులకు రాకుండిరి. వారి భాష అచట వినబడదు, వారి తోడు లోనికి రాదు, వారి యలవాటు చొప్పున కూర్చుండి ప్రసవింప వీలులేదు. 2005లో నాదేశపు ఆరోగ్యశాఖ, తల్లులు తమ యాచారము ననుసరించి నిటారుగా నుండి ప్రసవించుటకును, బంధువులు తోడుండుటకును వీలుగా నియమములను చేసెను. ప్రసవమునకు ముందుగా వచ్చి యుండుటకు వసతిగృహములును అచట గలవు. ఆసుపత్రి తన శుభ్రతను, మందును, శస్త్రమును విడువలేదు. తల్లి తన భాషను, తోడును విడువనక్కరలేకపోయినది.

మన కొండలకును ఇదియే కావలెను. బాట వేయుడు, బండి పంపుడు, రక్తము సిద్ధముగా నుంచుడు. వానితోబాటు పురిటిగదిలో సవరమాట తెలిసిన నర్సునో, ఆశాకార్యకర్తనో యుంచుడు. ఆమె తల్లిని లోపలికి రానిండు. సవరబాలికలు నేడు ఆశ్రమపాఠశాలలలో చదువుచున్నారు. వారిలో కొందరు నర్సులై తమ కొండకు తిరిగివచ్చునట్లు చేయుట కంటె మంచి యుపాయము నాకు తోచదు.

గృహములలో నున్న మనవలన నగునది లేదా యని మీరడుగవచ్చును. కలదు. సంతకు వచ్చిన చూలాలిని చూచినప్పుడు నెల యడుగుడు, సూది వేయించుకొన్నదేమో యడుగుడు, కూర్చుండబెట్టి మజ్జిగ యిండు. రూపాయికై పీచుబేరమాడి ఆమె మోతను మరల కొండ యెక్కింపకుడు. మీ పిల్లలలో వైద్యము చదువువారున్నచో, సవరభాషలో నూరు మాటలు నేర్చుకొమ్మని చెప్పుడు. మీ భర్తలు, అన్నదమ్ములు ఉద్యోగులైనచో, భోజనమువేళ ఆ బాట సంగతి యడుగుడు. ఒకమారు కాదు, పని యగువరకు అడుగుడు. “కొండవాళ్లు, వాళ్లంతే” యను మాట మన యింట పిల్లలచెవిని పడకుండ చూడుడు.

శివరాత్రికి పిమ్మట వంశధారలో జరుగు చక్రతీర్థస్నానమునకు కొండలనుండియు, ఒడిశానుండియు తల్లులు బిడ్డల నెత్తుకొని మా యూరికి వత్తురు. ఆ యేట ఏటినీరు అందరి బిడ్డల తలలపైనను ఒకే చల్లదనముతో పడును. కానుపుగదిలోని దీపమును అట్లే అందరు తల్లులకును సమముగా వెలుగునట్లు చేయుట మన చేతిలోని పని.